గ్లేసియర్ మ్యాపు గీసి 2100 దాకా అంచనా కట్టడం: హద్దు, మట్టం, మందం, మోడల్

మహేంద్రతనయ | పర్లాకిమిడి, గజపతి జిల్లా

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జాగ్రఫీ పిల్లలు ఆరుగురికి ఒక ప్రాజెక్టు ఇవ్వాలి. హిమాలయాల్లో ఒక గ్లేసియర్ (హిమానీనదం) తీసుకుని 2000 నుంచి ఇప్పటిదాకా ఎంత తరిగిందో మ్యాపు గీయడం, 2100 నాటికి ఎంత మిగులుతుందో అంచనా కట్టడం. ఒక్కొక్కరికీ 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, అందులో క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. డేటా ఉచితంగా దొరికేదే కావాలి. పిల్లల తొలి ఆలోచన ఏమిటంటే, మూతి, అంటే కింది కొస, ఏటా ఎన్ని మీటర్లు వెనక్కి జరుగుతోందో చూసి, మొత్తం పొడవుని దానితో భాగిస్తే అయిపోయే సంవత్సరం వచ్చేస్తుంది కదా అని. అది ఎక్కడ దెబ్బతింటుందో, సరైన దారి ఏదో తెలిసినవాళ్లు వరసగా చెప్పండి.

జయపురం మ్యాపులు | జయపురం, కొరాపుట్ జిల్లా

మాస్టారూ, ముందు ఆ భాగహారం సంగతి తేల్చేద్దాం. గంగోత్రి గ్లేసియర్ పొడవు సుమారు 30 కిలోమీటర్లు. దాని మూతి గోముఖం ఏటా 20 మీటర్లు వెనక్కి జరుగుతోందనుకుంటే 1,500 ఏళ్లు అని జవాబొస్తుంది. పైన మంచు మట్టం ఏడాదికేడాది దిగిపోతోందన్న సంగతి ఆ లెక్కలోకి రానే రాలేదు. అటువైపు పొరపాటు కూడా జరిగింది. 2007లో ఐపీసీసీ, అంటే ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం, ఇచ్చిన నివేదికలో హిమాలయ గ్లేసియర్లు 2035కల్లా అంతరించవచ్చన్న వాక్యం పడింది. దానికి గట్టి ఆధారం లేదని 2010 జనవరిలో ఆ సంస్థే ఒప్పుకుంది. కాబట్టి పిల్లలు చివర్లో ఒక్క సంవత్సరం రాసి ఊరుకుంటే మార్కులు ఇవ్వకండి.

గ్లేసియర్‌ని గాదెలా చూడమనండి. పైనుంచి కొత్త మంచు పోస్తారు, కింద నుంచి కరిగి పోతుంది. గాదె నిండుగా ఉందా, అడుగంటిందా అన్నది లోపలి వడ్ల మట్టం చూస్తేనే తెలుస్తుంది. తలుపు ఎక్కడుందో చూస్తే తెలియదు. మూతి జరగడం అనేది పైన పదుల ఏళ్ల కిందట జరిగిన మార్పుకి ఇప్పుడు వస్తున్న స్పందన.

ఇక మొదటి పని హద్దు గీయడం. అమెరికా ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్‌ల పాత చిత్రాలన్నీ 2008 నుంచి ఉచితం. 2000 ప్రాంతానికి ల్యాండ్‌శాట్ 5 తీసుకోండి. ల్యాండ్‌శాట్ 7 కూడా బాగానే ఉంటుంది గాని 2003 మే 31న దాని స్కాన్ లైన్ కరెక్టర్ పాడైంది, ఆ తర్వాతి చిత్రాల నిండా నల్ల చారలే. ఇప్పటి హద్దుకి ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 మేలు, 10 మీటర్ల పిక్సెల్. తేదీ చాలా ముఖ్యం. సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్యలో, కొత్త మంచు పడకముందు, మబ్బు లేని రోజు చూసుకోవాలి. జూన్ చిత్రం పట్టుకుంటే చుట్టుపక్కల కొండల మీద కరగని మంచంతా గ్లేసియర్‌లో కలిసిపోయి వైశాల్యం ఉబ్బిపోతుంది.

ఉపగ్రహం ఒక్కో రకం కాంతిని విడివిడి చిత్రంగా తీస్తుంది, దాన్నే బ్యాండ్ అంటారు. ఎరుపు బ్యాండ్‌ని, కంటికి కనబడని షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్‌తో భాగించండి. ల్యాండ్‌శాట్ 5లో 3ని 5తో, ల్యాండ్‌శాట్ 8లో 4ని 6తో, సెంటినెల్-2లో 4ని 11తో. మంచు ఎరుపు కాంతిని బాగా తిప్పికొడుతుంది, షార్ట్‌వేవ్‌ని మింగేస్తుంది. అందుకే మంచు ఉన్నచోట విలువ పెద్దది, రాయి ఉన్నచోట 1 దగ్గర ఉంటుంది. మంచునీ రాయినీ విడదీసే హద్దు విలువ సాధారణంగా 1.5కీ 2.5కీ మధ్య పడుతుంది. ఒకే అంకె అన్ని చిత్రాలకీ పనికిరాదు. 0.1 చొప్పున మారుస్తూ నీడలో ఉన్న మంచు పోకుండా, నీడలో ఉన్న రాయి రాకుండా ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలి. తర్వాత 0.01 చదరపు కిలోమీటరు కన్నా చిన్న ముక్కలు తీసెయ్యండి.

ఇంకో జాగ్రత్త. నీళ్లకి కూడా ఈ నిష్పత్తి పెద్దగానే వస్తుంది. మూతి ముందు సరస్సు ఉంటే అది కూడా గ్లేసియర్‌గా పడుతుంది. నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో నీళ్లు నల్లగా కనబడతాయి, అది చూసి చేత్తో కోసెయ్యాలి.

నాగావళి గట్టు | రాయగడ

జయపురం అన్నయ్య చెప్పినదంతా శుభ్రమైన మంచుకి. అసలు చిక్కు రాళ్ల కప్పు ఉన్న గ్లేసియర్లతో. గంగోత్రి కింది భాగం అంతా అలాంటిదే. షార్ట్‌వేవ్, నియర్ ఇన్‌ఫ్రారెడ్, ఎరుపు ఈ వరసలో రంగుల చిత్రం పెట్టి చూడండి. పై మంచు నీలిగా మెరుస్తూ దిగుతుంది. కిందికొచ్చేసరికి ఆ నీలం సన్నని పాయలుగా విడిపోయి, గోధుమరంగు రాళ్లలో కలిసిపోతుంది. అక్కడితో గ్లేసియర్ అయిపోయిందని నిష్పత్తి అంటుంది. అయిపోలేదు. ఆ రాళ్ల కింద ఇంకా కిలోమీటర్ల కొద్దీ మంచు ఉంటుంది.

చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే గుర్తులు దొరుకుతాయి. ఆ గోధుమరంగులో నల్లటి చిన్న చుక్కలు, అవి కరిగిన నీటి గుంటలు. గుంట పక్కనే వంకర గీతలా నీడ, అది మంచు గోడ. రెండువైపులా కత్తి అంచులా పొడవాటి మొరైన్ గట్లు (గ్లేసియర్ తోసి పోసిన రాళ్ల దిబ్బలు), వాటి లోపలి పక్క నిటారుగా ఉంటుంది. కింద ఒక్కచోట నుంచి ఏరు బయటికొస్తుంది, అదే మూతి. ఈ నాలుగూ కలిపి చూస్తే హద్దు చేత్తో గీయగలం. ఇద్దరు విడివిడిగా గీసి రెండూ పోల్చాలి. తేడా ఎంత వస్తే అంత మన పొరపాటు.

రాడార్ దారి ఇంకా బలమైనది. ఒకే చోటిని 12 రోజుల తేడాతో రెండుసార్లు తీసిన సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహ చిత్రాల కోహెరెన్స్ (రెండూ ఎంత పోలి ఉన్నాయన్న కొలత) చూస్తే, కదలని కొండ తెల్లగా, కదిలే మంచు నల్లగా వస్తుంది, పైన రాళ్లున్నా సరే. మంచు కురిసినా, వాన పడినా కొండ కూడా నల్లబడుతుంది కాబట్టి మూడు నాలుగు జంటలు చూడాలి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్‌ది పొడవు తరంగాల ఎల్-బ్యాండ్. ఆ ఇబ్బంది దానికి తక్కువ. అది కూడా 12 రోజులకోసారే తిరిగొస్తుంది.

రాళ్ల కప్పు మందం కూడా ముఖ్యమే. రెండు సెంటీమీటర్ల లోపు పలచని మట్టి ఎండని పట్టి మంచుని ఇంకా వేగంగా కరిగిస్తుంది. అదే అర మీటరు రాళ్లయితే దుప్పటిలా కాపాడుతుంది.

మహేంద్రతనయ

అయితే తొలిసారికి రాళ్ల కప్పు లేనిదే తీసుకోవడం మంచిదేమో. ఏది తీసుకోమంటారు?

నాగావళి గట్టు

ఛోటా శిగ్రి. హిమాచల్‌లో లాహౌల్-స్పితి జిల్లా, చంద్రా నది పక్కన. సుమారు 15.5 చదరపు కిలోమీటర్లు, రాళ్ల కప్పు చాలా తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, 2002 నుంచి మనుషులు వెళ్లి మంచులో వెదురు కర్రలు దించి కొలుస్తున్నారు. 2002–2019 సగటు ఏటా 0.46 మీటర్ల నీటి మందం నష్టం, అంటే పోయిన మంచుని నీళ్లుగా చేసి గ్లేసియర్ అంతా పరిస్తే వచ్చే మందం. పిల్లల లెక్క దీనికి దగ్గరగా వస్తోందా లేదా అని పోల్చుకోవచ్చు.

సిరొంచ ప్రాణహిత | సిరొంచ, గడ్చిరోలి జిల్లా

హద్దు ముచ్చట అయిపోయింది గదా, ఇగ మట్టం చెప్త. రెండు ఎత్తుల మ్యాపులు తీసుకోవాలె, కొత్తదాంట్ల నుంచి పాతది తీసెయ్యాలె. పాతది ఎస్‌ఆర్‌టీఎం, అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తోని 2000 ఫిబ్రవరిల తీసింది. కొత్తది కోపర్నికస్ 30 మీటర్లది, 2011–2015 మధ్యల టాన్‌డెమ్-ఎక్స్ రాడార్లు కొలిచింది. వినడానికి గంతే. చేసేటప్పుడు మూడు తాన్ల దెబ్బ తింటరు.

మొదటిది జరుగుడు. రెండు మ్యాపులు ఒకదాని మీద ఒకటి సరిగ్గ కూసోవు. 30 డిగ్రీల వాలు మీద ఒక పిక్సెల్, అంటే 30 మీటర్లు పక్కకు జరిగితే ఎత్తుల 17 మీటర్ల తప్పు వస్తది. గ్లేసియర్ ఏటా అర మీటరు పలచబడితే ఇరవై ఏండ్లకు 10 మీటర్లే. తప్పు అసలు కంటే పెద్దగ అయితది. అందుకే గ్లేసియర్ బయటి కదలని కొండ మీద రెండింటిని సరిచెయ్యాలె. ఎత్తు తేడాను వాలు టాంజెంటుతోని భాగించి, వాలు ఏ దిక్కు చూస్తున్నదో దాని ఎదురుంగ గ్రాఫు పెడితే, జరిగినప్పుడు చక్కని కొసైన్ అల లెక్క వస్తది. అల ఎత్తు ఎంత జరిగిందో చెప్తది, అల శిఖరం ఏ దిక్కు జరిగిందో చెప్తది. నూథ్, కేబ్ 2011ల చూపిన పద్ధతి ఇది. పైథాన్‌ల ఎక్స్‌డెమ్ అనే ప్యాకేజీల తయారుగ ఉన్నది. ఒక్కసారి జరిపితే సరిపోదు, అల చదునయ్యేదాక మళ్లీ మళ్లీ జరపాలె.

రెండోది ఎత్తుకు ఆధారం. ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం 96 జియాయిడ్ (సముద్ర మట్టం లెక్కన తీసుకునే ఆధార తలం) మీద, కోపర్నికస్ ఎత్తులు ఈజీఎం 2008 మీద. రెండింటిని ఒకే దాని మీదికి మార్చాలె. ఎలిప్సాయిడ్ (భూమికి నున్నటి గణిత ఆకారం) మీద ఉన్న డేటాను దీంట్ల కలిపితే పదుల మీటర్ల తేడా పడ్తది.

మూడోది రాడార్ లోపలికి దిగుడు. చలికాలం పొడి మంచుల రాడార్ కిరణం పైపొర మీద ఆగది, కొన్ని మీటర్లు లోపలికి పోతది. దాంతోని ఎస్‌ఆర్‌టీఎం పైభాగపు ఎత్తు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తది, కొత్తదాంట్లకెళ్లి తీస్తే నష్టం తక్కువ కనవడ్తది. ఈ బాధ వద్దంటే ఆస్టర్ అనే ఉపగ్రహ కెమెరా జంట ఫోటోల నుంచి చేసిన ఎత్తుల మార్పు మ్యాపులు వాడుకోవాలె. 2021ల హ్యూగొనే బృందం 2000–2019కి ప్రపంచంల దాదాపు అన్ని గ్లేసియర్లకు అట్ల చేసి ఉచితంగ పెట్టిన్రు.

ఎత్తు తేడా నుంచి బరువుకు రావాలంటే సాంద్రత కావాలె. ఘనమీటరుకు 850 కిలోలు, అటూ ఇటూ 60, ఇది అందరు వాడే అంకె. ఉదాహరణకు 20 ఏండ్లల సగటున 9.6 మీటర్లు దిగిందనుకో. ఏటా 0.48 మీటర్ల గడ్డమంచు, 0.85తోని గుణిస్తే 0.41 మీటర్ల నీళ్లు. 15 చదరపు కిలోమీటర్లకు ఏటా 60 లక్షల ఘనమీటర్ల పైన.

వంశధార ఒడ్డు | గుణుపురం, రాయగడ జిల్లా

ఈ జరుపుడు పని పిల్లలు నేరుగా హిమాలయం మీద మొదలెడితే తప్పు ఎక్కడుందో తెలవదు. ముందు మన కొరాపుట్ దేవమాలి చుట్టుపక్కల నేర్పించండి. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ. మంచు లేదు కాబట్టి బోడి గుట్టల మీద తేడా సున్నా రావాలి. రాకపోతే పని తప్పింది. అడవి మీద, నీలగిరి తోటల మీద మాత్రం తేడా ఉంటాది, చెట్లు పెరగడం వల్లా నరకడం వల్లా. పంచపట్మాలి బాక్సైట్ గని ఉంది కదా, అక్కడ 2000 తర్వాత తవ్విన మేర మట్టం నిజంగానే దిగింది. సరిచేసిన మ్యాపులో మిగతా కొండ అంతా తెల్లగా ఉండి, గని గుంత ఒక్కటే ఎర్రగా పడితే పని కుదిరినట్టే.

ఇంకోటి. యూటీఎం జోన్ చూసుకోండి, అంటే భూమిని 6 డిగ్రీల రేఖాంశం చొప్పున కోసిన మ్యాపు పట్టీ. 84 డిగ్రీల రేఖాంశం మన గుణుపురానికీ పర్లాకిమిడికీ మధ్యలోంచే పోతాది. గుణుపురం 44, పర్లాకిమిడి 45. కొరాపుట్, గంగోత్రి రెండూ 44లోనే, ఛోటా శిగ్రి 43. పిల్లలు దేవమాలి ప్రాజెక్టు ఫైలుని అలాగే తెరిచి ఛోటా శిగ్రి వేస్తే వైశాల్యం తేడా వస్తాది.

మహేంద్రతనయ

ఈ జోన్ సంగతి నోటీసు బోర్డు మీద పెట్టేలా ఉంది, చాలా మంచి మాట. మందం ఎలా తెలుసుకోవాలి? మంచు లోపలికి వెళ్లి చూడలేం కదా.

ధర్మాబాద్ మిర్చి | ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

వాలు నుంచి అంచనా కడతారు సార్. మంచు తన బరువుకి తానే కిందికి జారుతుంది. వాలు తక్కువ ఉన్నచోట జారాలంటే మందం ఎక్కువ ఉండాలి. అడుగున ఒరిపిడి ఒత్తిడి సుమారు 100 కిలోపాస్కల్స్ అనుకుని, దాన్ని 0.8 ఆకార గుణకం, సాంద్రత 900, గురుత్వం 9.81, వాలు సైన్ ఈ నాలుగింటి లబ్ధంతో భాగించండి. 5 డిగ్రీల వాలుకి 162 మీటర్లు వస్తుంది, 15 డిగ్రీలకి 55 మీటర్లు. వాలు సున్నాకి దగ్గరైతే మందం ఆకాశాన్నంటుతుంది, అందుకే వాలుని కనీసం 300–400 మీటర్ల పొడవు మీద సగటు తీసి వాడాలి.

వైశాల్యం నుంచి ఘనపరిమాణం తెచ్చే ఘాత సూత్రం, అంటే వైశాల్యాన్ని 1.36 దగ్గర ఘాతానికి పెంచడం, అది వందల గ్లేసియర్ల మొత్తానికే. ఒక్కదానికి వాడితే సగానికి సగం తప్పు రావచ్చు. పిల్లలకి సిద్ధంగా ఉన్న మందం మ్యాపులే ఇవ్వండి. 2019లో ఫారినొట్టి బృందం ఐదు మోడళ్ల వరకూ కలిపి చేసినవి ఉన్నాయి. ప్రపంచ గ్లేసియర్ల మంచు మొత్తం వాళ్ల లెక్కలో 1,58,000 ఘన కిలోమీటర్లు, అటూ ఇటూ 41,000. పొరపాటు హద్దే పావు వంతు ఉందని గమనించండి. మందం తెలియకపోతే ఏ సంవత్సరానికి అయిపోతుందో చెప్పలేం, ఆ మందమే ఇంత మసకగా ఉంది.

ఈ మందం మ్యాపుని ఎత్తుల మ్యాపు నుంచి తీసేస్తే మంచు కింది నేల కనబడుతుంది. ఆ నేలలో గుంటలు ఎక్కడున్నాయో అక్కడ రేపు సరస్సులు పుడతాయి. నా ఉద్దేశంలో కింద ఊళ్లున్నవాళ్లకి అన్నిటికన్నా అక్కరకొచ్చే మ్యాపు ఇదే. హిమాచల్‌లో ఘేపాంగ్ ఘాట్ సరస్సు 1989లో 36.49 హెక్టార్లు, 2022లో 101.30 హెక్టార్లు, ఇస్రో ఉపగ్రహ చిత్రాల లెక్క. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ లోనాక్ సరస్సు తెగి చుంగ్‌థాంగ్ డ్యాము కొట్టుకుపోయింది. ఇలాంటి సరస్సు ఎక్కడ పుట్టబోతోందో పదేళ్ల ముందు తెలిస్తే ఎంతమంది ప్రాణాలు నిలుస్తాయో ఆలోచించండి.

జయపురం మ్యాపులు

ఇక చివరి మెట్టు. ఓజీజీఎం అనే ఉచిత మోడల్ ఉంది, పైథాన్‌లో నడుస్తుంది. విండోస్ మీద నేరుగా పెట్టకండి, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపేది) వేసుకుని అందులో పెట్టండి. ఒక్క గ్లేసియర్‌కి 8 జీబీ బోలెడు. ప్రపంచ గ్లేసియర్ల జాబితా అయిన రాండాల్ఫ్ ఇన్వెంటరీలో మీ గ్లేసియర్ నంబరు ఇస్తే హద్దు, ఎత్తు, ప్రవాహ రేఖ, వాతావరణం అన్నీ ముందే తయారుచేసిన ఫోల్డరు దిగుతుంది. ఎక్కువ పని ముందే అయిపోయిన లెవెల్ 5 ఫోల్డరు నుంచి మొదలెడితే పిల్లలు తొందరగా ఫలితం చూస్తారు. అయితే ఆ హద్దు 2000 ప్రాంతానిది. మీరు గీసిన హద్దుతో పోల్చి, తేడా ఎక్కువుంటే కారణం రాయించండి.

మోడల్ ఎలా కరిగిస్తుందంటే, ఉష్ణోగ్రత మంచు కరిగే హద్దు దాటిన ప్రతి డిగ్రీకీ ఇంత అని. చేత్తో లెక్కకి రోజుకి డిగ్రీకి మెత్తటి మంచు 3–5 మిల్లీమీటర్లు, గడ్డమంచు 6–8 అని వేసుకోవచ్చు. కిలోమీటరు ఎత్తుకి 6.5 డిగ్రీలు తగ్గుతుందని తీసుకుంటారు.

ఇక్కడ ఒక లోతైన గొయ్యి ఉంది. కరిగే గుణకం, వాన గుణకం, ఉష్ణోగ్రత సవరణ, ఈ మూడిటినీ సరిచేయడానికి మన చేతిలో ఉన్నది ఇరవై ఏళ్ల నష్టం అనే ఒక్క అంకె. ఎక్కువ మంచు పోసి ఎక్కువ కరిగించినా అదే అంకె వస్తుంది, తక్కువ పోసి తక్కువ కరిగించినా అదే వస్తుంది. గతంలో రెండూ ఒకటే, వేడి పెరిగాక దారులు విడిపోతాయి. అందుకే రెండు మూడు జతలతో నడిపించి చూడాలి. ఛోటా శిగ్రిలో ఏటేటా కొలిచిన అంకెలున్నాయి కాబట్టి ఏ జత ఏడాదికేడాది హెచ్చుతగ్గుల్ని బాగా పట్టిందో తేల్చుకోవచ్చు. నాగావళి తమ్ముడు ఆ గ్లేసియర్‌నే చెప్పడం అందుకే సరైంది.

భవిష్యత్తుకి ఒక్క వాతావరణ మోడల్ వాడకండి. కనీసం అయిదు తీసుకుని, ఒక్కొక్కటీ ఎస్‌ఎస్‌పీ 1-2.6, 2-4.5, 5-8.5 మూడు దారుల్లో (వేడి పెంచే వాయువులు ముందు ముందు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ వదిలితే అన్న ఊహలు) నడపండి. పదిహేను గీతలొస్తాయి. మోడల్ గడి వంద కిలోమీటర్ల మేర ఉంటుంది, అందులో లోయా శిఖరమూ కలిసిపోతాయి. అందుకని ఉష్ణోగ్రతని, వానని పాత రికార్డుకి సరిచేసే పని తప్పనిసరి. అది మరిచిపోతే గ్లేసియర్ 2040కే మాయమవుతుంది, లేదా పెరుగుతూ పోతుంది. అలాంటి ఫలితం వస్తే ముందు అక్కడ చూడండి.

సిరొంచ ప్రాణహిత

ఒక్క ముచ్చట అన్నా. ఓజీజీఎం మామూలు లెక్కల రాళ్ల కప్పు విడిగ ఉండది. ఛోటా శిగ్రికి నడుస్తది, గంగోత్రికి అదే వాడితే మూతి దగ్గర కరుగుడు ఎక్కువ వస్తది. రాళ్ల కప్పును లెక్కల పెట్టుకున్నది పైజెమ్ మోడల్. దాంతోనే 2023ల రౌన్స్ బృందం ప్రపంచం మొత్తానికి అంచనా కట్టిన్రు. వేడి 1.5 డిగ్రీల దగ్గర ఆగితే 2015తోని పోలిస్తే 2100కు 26 శాతం బరువు పోతది, 4 డిగ్రీలయితే 41 శాతం. సంఖ్యల జూస్తే 49 శాతం నుంచి 83 శాతం గ్లేసియర్లు మాయం. బరువుకు, సంఖ్యకు గంత తేడా ఎందుకంటే చిన్నయి ముందు పోతయి, మంచంతా పెద్దయిట్లనే ఉంటది. పిల్లలు ఈ రెండు శాతాలు కలగలిపి రాస్తరు, చూస్కోవాలె.

మహేంద్రతనయ

పిల్లల్లో ఒకరి ప్రశ్న ఇలాగే పెడుతున్నాను. మన వంశధార, నాగావళి, మహేంద్రతనయ, ఇంద్రావతి అన్నీ వాన నీళ్లే కదా, మంచు నీళ్లు చుక్క లేదు. మనకి దీంతో పనేమిటి?

వంశధార ఒడ్డు

నదులకి లేదు, నిజమే. సముద్రానికి ఉంది. 2000 నుంచి 2023 వరకూ గ్లేసియర్లు ఏటా సగటున 273 గిగాటన్నులు (ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) పోగొట్టుకున్నాయని 2025లో గ్లాంబీ అనే అంతర్జాతీయ బృందం లెక్క తేల్చింది. 362 గిగాటన్నులు కరిగితే సముద్రం ఒక మిల్లీమీటరు లేస్తాది. మొత్తం 18 మిల్లీమీటర్లు. గోపాలపురం ఒడ్డునున్న వేట పల్లెలకి ఆ లెక్క తగులుతాది. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా పెద్ద పలకలు ఇందులో కలవలేదు.

ధర్మాబాద్ మిర్చి

హద్దుల తప్పు ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు. హద్దు చుట్టుకొలతని అర పిక్సెల్‌తో గుణించండి. ల్యాండ్‌శాట్‌లో 15 మీటర్లు. ఒక చదరపు కిలోమీటరు గ్లేసియర్, చుట్టుకొలత 4 కిలోమీటర్లయితే తప్పు 0.06, అంటే 6 శాతం. అదే 0.1 చదరపు కిలోమీటరు దానికి దాదాపు 19 శాతం. చిన్నది 10 శాతం తగ్గిందని రాస్తే అది తగ్గిందో, గీత వంకరపోయిందో తెలియదు. వైశాల్యం పక్కన ఈ అంకె లేని పట్టికని వెనక్కి పంపండి.

మహేంద్రతనయ

సరే, ఇలా పెట్టుకుంటున్నాను. మొదటి రెండు వారాలు దేవమాలి మీద ఎత్తుల జరుపుడు. తర్వాత ఛోటా శిగ్రి హద్దు, ఒక్కొక్కటీ ఇద్దరు గీయాలి. మట్టం తేడాకి ఎస్‌ఆర్‌టీఎం, కోపర్నికస్ లెక్క పిల్లలే చేస్తారు, హ్యూగొనే మ్యాపుతోనూ, కర్రలతో కొలిచిన 0.46తోనూ పోలుస్తారు. మోడల్‌కి అయిదు వాతావరణాలు, మూడు దారులు.

సిరొంచ ప్రాణహిత

మంచిగున్నది సార్. ఎస్‌ఆర్‌టీఎం దించేటప్పుడు ఖాళీలు నింపనిది దించాలె. నిటారు కొండల దగ్గర రాడార్‌కు కనవడని తావులను వేరే డేటాతో నింపిన రకం కూడ ఉంటది. అది తీసుకుంటే ఆ తావుల 2000 మట్టం కాదు, ఎప్పటిదో తెల్వని మట్టం వస్తది.